మేక తప్పిపోయిందని చాటించిన వారం

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైన ఏడాది నేను హైదరాబాదులో పీయూసీ చదువుతున్నాను. కాలేజీలు మూసేశారు. హాస్టల్లో ఉన్న ఆడపిల్లలందరినీ ఇళ్లకు వెళ్లిపొమ్మన్నారు. బస్సులు ఒకరోజు నడిస్తే రెండు రోజులు ఆగేవి. నేను చేవెళ్ల చేరేసరికి మా అన్న నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, ఒళ్లో గుండ్రటి రేకు డబ్బాలు పెట్టుకుని, వాటి మీద దుమ్ము తుడుస్తున్నాడు. డబ్బాలు మూడు. వాటిలో మా అన్న తీసిన సినిమా ఉంది.

మా అన్న నగరంలో ఒక ఉస్తాద్ దగ్గర పనిచేసేవాడు. ఆయన కలిగినవాళ్ల పెళ్లిళ్లకు చిన్న చిన్న సినిమాలు తీసిపెట్టేవాడు. పని అయిపోయాక మిగిలిన రీలు ముక్కలను మా అన్న దాచుకునేవాడు. ఉస్తాద్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసే ఊరుకునేవాడు. ఒకనాడు ఆయనే కెమెరా చేతికిచ్చి, "పో, మీ దిక్కు పోయి ఏదన్న తీస్కరాపో. దాచిపెట్టుకుంటె ఏమొస్తది?" అన్నాడట. ఆ చలికాలమంతా సెలవు దొరికినప్పుడల్లా మా అన్న కెమెరా భుజాన వేసుకుని మొయినాబాద్ రోడ్డు మీద తిరిగాడు. అట్లా తయారైంది ఆ ముప్పావుగంట సినిమా. దానికి రంగులు లేవు, పాటలు లేవు. మాటలు కూడా లేవు. మాటలు పట్టే యంత్రం ఉస్తాద్ దగ్గరే లేదు.

కథ చాలా చిన్నది. ఒక ముసలమ్మ మేక తప్పిపోతుంది. ఆమె మొయినాబాద్‌లో బయలుదేరి, రోడ్డు పట్టుకుని చేవెళ్ల దాకా వెతుక్కుంటూ వస్తుంది. కనిపించిన ప్రతి మనిషినీ అడుగుతుంది. దారిలో ఒక తగవు తీరుస్తుంది, ఇంకో తగవు పెడుతుంది. తమాషా ఏమిటంటే ఆ మేక మొదటి నుంచీ ఆమె వెనకాలే నడిచి వస్తూ ఉంటుంది. ఆమె తిరిగి చూసే వేళకు ఏ గోడ చాటునో, ఏ బండి కిందో ఉంటుంది. చూసేవాళ్లకు మేక కనిపిస్తుంది, ఆమెకు కనిపించదు.

ఆ ముసలమ్మగా వేసింది ఎంకపల్లి అవ్వ. మా బాపు ఎంకపల్లి బడిలో పనిచేసిన రోజుల్లో ఆమె మాకు పొరుగు. నిజంగానే మేకలు కాసేది. ఆదివారం ప్రార్థనలో ఆమె పాట అందుకుంటే మిగతావాళ్ల గొంతులు వినిపించేవి కావు. జన్మలో సినిమా చూడలేదు. "నడువు అన్నడు, నడిసిన. కోపం చెయ్యి అన్నడు, చేసిన. ఆ డబ్బల ఏం పడ్డదో నాకేం ఎరుక?" అనేది.

మా బాపు మిషన్ బడిలో పంతులు. మా చర్చికి ఒక ప్రొజెక్టర్ ఉండేది. మిషన్ దొరసాని తన దేశం వెళ్లిపోతూ వదిలి వెళ్లింది. క్రిస్మస్‌కు ఒకసారి, ఈస్టర్‌కు ఒకసారి దాన్ని బయటికి తీసేవాళ్లు. మిగతా రోజుల్లో అది మా ఇంట్లో, బాపు మంచం కింద దుప్పటి కప్పుకుని ఉండేది. మా అన్న సినిమా ఆడాలంటే అదొక్కటే దిక్కు. కానీ బాపుకు ఈ సినిమా వ్యవహారం బొత్తిగా నచ్చలేదు.

"ఇంతదాక చదివిచ్చిన. మేక ఎనక తిరిగొచ్చినవు" అన్నాడు అన్నతో. అంతకన్నా ఎక్కువ అనలేదు. మా బాపు కోపం ఎప్పుడూ ఒక్క మాటలోనే ఉండేది.  అన్న డబ్బాలు తీసుకెళ్లి అటక మీద పెట్టాడు. అవి రెండు వారాలు అక్కడే ఉన్నాయి.

వాటిని కిందికి దింపించింది టెంటు సేటు.

చేవెళ్లలో అప్పుడు ఒక టూరింగ్ టాకీస్ ఉండేది. గుడారం కట్టి, నేల మీద ఇసుక పోసి, వెనక నాలుగు వరుసల బెంచీలు వేసేవాళ్లు. దాన్ని నడిపే ఆయనను అందరూ టెంటు సేటు అనేవాళ్లు. లావుపాటి మనిషి, నవ్వితే గుడారం అదిరేది. నగరంలో బంద్‌లు, కర్ఫ్యూలు మొదలయ్యాక ఆయనకు సినిమా పెట్టెలు రావడం ఆగిపోయింది. ఉన్న ఒక్క పాత సినిమానే పదే పదే ఆడించాడు. చివరికి జనం తెర మీద వాళ్లకంటే ముందు మాటలు చెప్పేయడం మొదలుపెట్టేసరికి అది కూడా ఆపేశాడు. ఒక పొద్దున మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, నీ దగ్గర ఒక సినిమా ఉన్నదంట గదా" అన్నాడు.

"ఉన్నది సేటు. కని సన్న రీలు. నీ మిషన్ల పట్టది. మాటలు గూడ లేవు."

"మాటలు లేకుంటె మంచిదే. జనం ఎట్లా వాళ్లే మాట్లాడుతున్నరు" అని నవ్వాడు సేటు. "మిషను మీ చర్చిల ఉన్నది గదా. మాస్టర్ సాబ్‌ను అడుగు."

బాపు లోపలి నుంచి అంతా వింటున్నాడని మాకు తెలుసు. అన్న అడగలేకపోయాడు. నేను లోపలికి వెళ్లాను. బాపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"బాపూ, టెంటు ఖాళీగ ఉన్నదంట. ఊర్లె అందరి మొకాలు మాడిపోయి ఉన్నయి. ఒక్క సాయంత్రం జనం నవ్వుకుంటె తప్పేమున్నది?"

 మా ఇంటికి రెండిళ్ల అవతల ఒకామె కొడుకు నగరంలో చదువుతూ ఉద్యమంలో జైలుకు వెళ్లాడు. ఆమె నెల రోజులుగా వాకిట్లోకి రావడం మానేసింది. బాపు కిటికీలోంచి ఆ ఇంటి వైపు చూశాడు.

"ముందుగాల నేను సూడాలె. సూసినంకనే మాట ఇస్త" అన్నాడు.

చూపిస్తామని ఒప్పుకున్నాం. కానీ ప్రొజెక్టర్ బల్బుకు, కరెంటుకు ఏవో సర్దుబాట్లు చేయాల్సి వచ్చి అది రెండు మూడు రోజులు వెనక్కి జరిగింది. సేటు మాత్రం ఆగలేదు. శనివారం ఆట అని తనే ఖాయం చేసేశాడు. ఇక ఊరికి ఎట్లా తెలియజేయాలి అన్న మాట వచ్చింది.

బుధవారం పొద్దున సేటు, అన్న, నేను ఖాళీ టెంటులో బెంచీల మీద కూర్చున్నాం. ఆడపిల్లను నన్నెందుకు పిలిచారంటే, నా దస్తూరీ బాగుంటుందని. పోస్టర్లు నేను రాయాలి.

"పెద్దగ రాయి చెల్లె" అన్నాడు సేటు. "పాటలు, ఫైట్లు, కన్నీళ్లు."

"పాటలు లేవు సేటు" అన్నాడు అన్న.

"లోపలికి వచ్చినంక లేవని తెలుస్తది. అప్పటికి కూసుంటరు గదా."

"కూసోరు. నీ గుడారం పీకుతరు."

సేటు గడ్డం గోక్కున్నాడు. "అయితె ఇట్ల రాద్దాం. తెలంగాణ కోసం తీసిన సినిమా అని. ఒక్క మాట చాలు, షాబాద్ కాడికెల్లి గూడ బండ్లు కట్టుకొని వస్తరు."

అన్న ముఖం ఎర్రబడింది. వాడు ఊరేగింపుల్లో తిరిగినవాడే. లాఠీ దెబ్బ ఒకటి భుజం మీద ఇంకా నల్లగా ఉంది. "సేటు, పిల్లలు జైళ్లల్ల ఉన్నరు. వాళ్ల పేరు చెప్పి మేక సినిమాకు జనాన్ని పిలుస్తమా? నాతోని కాదు. ఇది నవ్వుకునే సినిమా. నవ్వుకునేతందుకే రమ్మని చెప్పాలె."

సేటు అరిచి గోల చేస్తాడనుకున్నాను. కానీ ఆయన ఆ భుజం వైపు చూసి, "సరే తమ్మీ, నీ మాటే" అన్నాడు.

తరువాత పోస్టర్లు ఎక్కడ అంటించాలన్న చిక్కు వచ్చింది. ఊళ్లో మంచి గోడల మీదంతా జై తెలంగాణ అని రాసి ఉంది. ఆ రాతల మీద అంటించడానికి అన్న ఒప్పుకోడు, ఊరూ ఒప్పుకోదు. కరపత్రాలు అచ్చు వేయిద్దామంటే నగరానికి వెళ్లాలి. ఆ రోజుల్లో చంకలో కాగితాల కట్ట పెట్టుకుని బస్సెక్కితే దిగేలోపల నాలుగుచోట్ల విప్పి చూపించాలి. ఎద్దుల బండికి తడక కట్టి బొమ్మ వేసి తిప్పుదామన్నాడు సేటు. బొమ్మ వేసేవాడు ఎవడు? నేను మేకను గీశాను. సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కుక్క మంచిగొచ్చింది" అన్నాడు. ముగ్గురం చాలాసేపు నవ్వాం.

ఆ నవ్వులోనే నాకు ఆలోచన వచ్చింది.

"అన్నా, మన ఊర్లె నిజంగ మేక తప్పిపోతె ఏం జేస్తరు?"

"చాటింపు ఏస్తరు."

"గదే ఏద్దాం. మేక తప్పిపోయింది, ఫలానా గుర్తులు, దొరికిందో లేదో తెలవాలంటే శనివారం టెంటుకు రండ్రి అని. చివరికి, ఇది సినిమా అని చెప్దాం."

అన్న లేచి నిలబడ్డాడు. వాడికి సంతోషం వస్తే కూర్చోలేడు. సేటు రెండు చేతులూ చరిచాడు. అక్కడే కాగితం తీసి రాశాను. నల్ల మేక, నొసట తెల్ల మచ్చ, ఎడమ చెవి చీలి ఉంది, ఎంకపల్లి అవ్వది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా వెతుకుతోంది. దొరికిందా లేదా? శనివారం పొద్దుగూకే వేళకు చేవెళ్ల టెంటుకు అందరూ రండి. ఇది సినిమా, చూసి నవ్వుకోండి.

చాటింపు వేసే పెద్దాయనకు చదువు రాదు. నేను చదివి వినిపిస్తే రెండోసారికే మొత్తం అప్పజెప్పాడు. ఆ సాయంత్రం చేవెళ్ల, మరునాడు మొయినాబాద్ సంత, చుట్టుపక్కల నాలుగూళ్లు. డప్పు మోత మా వీధిలోకి వచ్చినప్పుడు నేను గుమ్మంలోకి పరుగెత్తాను. నేను రాసిన మాటలు డప్పు మీద వినడం అదే మొదటిసారి. ఒళ్లు పులకరించింది. ఆ పులకరింతలో చివరి మాట వినపడలేదన్న సంగతి గమనించలేదు.

శుక్రవారం పొద్దున సేటు మనిషిని పంపాడు, ఉన్నపళాన రమ్మని. అన్న, నేను వెళ్లేసరికి టెంటు ముందర అయిదు మేకలు ఉన్నాయి. అయిదు మేకలకూ, ఇనాము దొరుకుతుందని వచ్చిన అయిదుగురు మనుషులు ఉన్నారు. సేటు మధ్యలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఇదే ఆ మేక. మా చేన్ల మేస్తుంటె పట్టుకొచ్చిన" అంటున్నాడు ఒకాయన.

"నీది ఎర్ర మేక. నల్లది అన్నరు, వినలేదా?" అంటోంది ఇంకొకామె. ఆమె తెచ్చింది నల్లదే. నొసట తెల్ల మచ్చ కూడా ఉంది. అన్న వంగి, పంచె కొంగు తడిపి ఆ మచ్చ మీద రుద్దాడు. సున్నం ఊడి వచ్చింది. ఆమె ఏమాత్రం సిగ్గుపడలేదు. "ఎక్కడ్నో గోడకు రాసుకున్నది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు, చివరికి ఆమె కూడా నవ్వింది.

చాటింపు పెద్దాయనను పిలిపించాం. "చివరి మాట ఎందుకు చెప్పలేదు తాతా?" అని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "సినిమా అంటె ఇంట్ల కూసుంటరు బిడ్డా. మేక అంటె ఉరుకొస్తరు. సూడు, వచ్చిండ్రా లేదా?"

వచ్చినవాళ్లందరికీ అన్న చేతులు జోడించి అసలు సంగతి చెప్పాడు. పొద్దున్నే పని చెడగొట్టుకుని వచ్చారు, రేపు మీకు బెంచీల మీద చోటు అన్నాడు. ఎర్ర మేక ఆయన మాత్రం, "నా మేకను గూడ తీస్కొస్త, సూస్తది" అన్నాడు.

మేము ఇంటికి తిరిగి వచ్చేసరికి వాకిట్లో పోలీసు జమేదారు కూర్చుని ఉన్నాడు. బందోబస్తు కోసం వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషి. నెరిసిన మీసాలు, టోపీ మోకాలి మీద. ఎదురుగా బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టర్ సాబ్, మీరు ఇజ్జత్ ఉన్న మనిషి. జర సచ్ చెప్పండి. ఈ మేక ఎవరు?" అని అడుగుతున్నాడు జమేదారు.

"మేక మేకనే అయ్యా."

"నల్ల మనిషి. నొసట తెల్ల మచ్చ అంటే పట్టీ కట్టుకున్నడు. చెవి తెగింది, లాఠీ దెబ్బ. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వస్తున్నడు. శనివారం మీటింగు. ఇంత సాఫ్‌గ చాటింపు ఏసి, మేక మేకనే అంటె ఎట్ల?"

నాకు భయంతో పాటు నవ్వు కూడా తన్నుకొచ్చింది. ఆయన చెప్పిన తీరులో వింటే నేను రాసింది నిజంగా ఏదో రహస్య సందేశంలాగే ఉంది. అన్న ముందుకు వచ్చి, "ఆ మాటలకు జిమ్మేదారీ నాది" అన్నాడు. "కాదు, రాసింది నేను" అన్నాను నేను. బాపు మా ఇద్దరినీ చూశాడు. ఆయన ముఖంలో ఏం కదిలిందో గాని, జమేదారుతో నిదానంగా అన్నాడు:

"అయ్యా, సినిమా ఇంట్లనే ఉన్నది. నేను గూడ ఇంక సూడలేదు. ఇద్దరం కలిసి సూద్దాం. తప్పుంటె మీరు తీస్కపోండి."

మధ్యాహ్నం చర్చి కిటికీలకు దుప్పట్లు కట్టాం. గోడకు తెల్ల దుప్పటి. ప్రొజెక్టర్ బల్లమీద పెట్టి అన్న రీలు ఎక్కించాడు. ముందు బెంచీ మీద జమేదారు, ఆయన పక్కన బాపు, ఇద్దరూ పరీక్ష రాసేవాళ్లలా నిటారుగా కూర్చున్నారు. గోడ మీద మొయినాబాద్ రోడ్డు కనిపించింది. అవ్వ కట్టె పట్టుకుని బయలుదేరింది. ఆమె వెనక, పది అడుగుల దూరంలో, నొసట తెల్ల మచ్చతో మేక.

జమేదారు మొదట మేకను బాగా పరిశీలించాడు. అవ్వ హోటల్ ముందు ఆగి అడిగింది. మేక బల్లకింద దూరింది. అవ్వ బండి ఆపి అడిగింది. మేక బండిలోని గడ్డి తింటోంది. జమేదారు మీసాల కింద పెదవి కొరుక్కుంటున్నాడు. అవ్వ ఒక గట్టు మీద కూర్చుని తల పట్టుకుని ఏడుస్తుంటే, మేక వెనక నుంచి వచ్చి ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది. అప్పుడిక ఆయన ఆగలేదు.

"ఏ బుడ్డీ! పీఛే దేఖ్! నీ ఎనకనే ఉన్నది!" అని లేచి నిలబడి అరిచాడు.

బాపు ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. అట్లా పట్టుకున్న చేయి చివరి దాకా వదల్లేదు. ఆయన భుజాలు ఎగిరిపడుతున్నాయి. బాపు అట్లా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నాడు.

సినిమా అయ్యాక జమేదారు టోపీ పెట్టుకున్నాడు. "నారాలు గీరాలు, నినాదాలు ఏమీ ఉండొద్దు. ఆట అయినంక అందరు సీదా ఇంటికి పోవాలె" అన్నాడు గట్టిగా. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "రేపు నా డ్యూటీ టెంటు కాడనే ఏసుకుంట."

 ప్రొజెక్టర్‌ను బాపే గుడ్డతో తుడిచి, దుప్పటి చుట్టి, అన్నతో "రేపు దీన్ని నేనే నడుపుత. నువ్వు జనాన్ని సూస్కో" అన్నాడు. అన్న ఆ మాటకు తల ఊపి, కిటికీల దుప్పట్లు విప్పుతూ చాలాసేపు మా వైపు తిరగలేదు.

శనివారం టెంటు నిండిపోయింది. షాబాద్ దారి నుంచి కూడా బండ్లు వచ్చాయి. చాటింపు మాయ కొంత, మేకల గొడవ ఊరూరా పాకడం కొంత. ఎర్ర మేక ఆయన అన్నమాట ప్రకారం మేకతోనే వచ్చాడు. రెండిళ్ల అవతలి ఆమెను మా అమ్మ చేయి పట్టుకుని తీసుకొచ్చి ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టింది. ఎంకపల్లి అవ్వను అన్న బండి కట్టి తెచ్చాడు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, ముందు వరుసలో ఇసుక మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

మాటలు లేని సినిమా కాబట్టి అవ్వ మాటలను నేను మైకులో చదవాలని అనుకున్నాం. రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. పుస్తకాల్లో ఉండే మంచి తెలుగులో రాశాను. తెర మీద అవ్వ కనిపించగానే జనం ఈలలు వేశారు. నేను గొంతు సవరించుకుని, "అయ్యో, నా ముద్దుల మేక ఎక్కడికి వెళ్లిపోయింది!" అని చదివాను.

ముందు వరుసలోంచి అవ్వ గొంతు ఖంగున మోగింది. "నేను గట్ల అనలే!"

 ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది. తెర మీద తనను తాను చూసుకుంటున్న ఆశ్చర్యం ఆమెకు ఒక్క నిమిషం కూడా ఉన్నట్టు లేదు. తన మాటలు ఎవరో మార్చేశారన్న కోపమే ఉంది. "నేను అన్నది వేరే. గా గొట్టం ఇటు తే బిడ్డ" అని మైకు తీసుకుంది.

ఆ తరువాత ముప్పావుగంట సంగతి ఎట్లా చెప్పను? తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా అవ్వ ఆనాడు నిజంగా ఏమన్నదో అది చెప్పింది. హోటల్ వాడిని తిట్టిన తిట్టు తిట్టినట్టే తిట్టింది. మధ్యలో, "ఈడ ఎండ బగ్గ కొట్టింది. పిలగాడు నన్ను నాలుగుసార్లు నడిపిచ్చిండు" అని అన్న మీద ఫిర్యాదు చేసింది. "గీయన మా మేనత్త కొడుకు. మంచోడు కాదు" అని తెర మీద ఒకాయనను చూపించింది. ఆ ఒకాయన జనంలోనే ఉన్నాడు. మేక కనిపించినప్పుడల్లా పిల్లలూ పెద్దలూ ఒక్కటై, "అవ్వా, ఎనకకు సూడు!" అని అరిచారు. మైకులో అవ్వ, "సూస్తున్న, సూస్తున్న. ఆగుండ్రి!" అని వాళ్లకు జవాబిచ్చింది. ఆ అరుపుల్లో జమేదారు గొంతు అందరికంటే పైన వినిపించింది. ఎర్ర మేక కూడా ఒకసారి అరిచింది.

నేను మాటలు రాసిన కాగితాలు పట్టుకుని టెంటు గుంజకు ఆనుకుని నిలబడ్డాను. ఒక్క పేజీ కూడా పనికి రాలేదు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు. ఆడవాళ్ల వైపు చూస్తే, కొడుకు జైలులో ఉన్న ఆమె మా అమ్మ భుజం మీద తల పెట్టి నవ్వుతోంది. ఆ నవ్వులోనే ఏడ్చింది కూడా. మా అమ్మ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది. మరునాడు పొద్దున ఆమె వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం చూశాను.

ఆట అయ్యాక సేటు అవ్వ ముందు చేతులు జోడించాడు. "అవ్వా, నువ్వు లేకుంటె ఈ సినిమా లేదు. మిగతా ఊర్లకు గూడ నువ్వు రావాలె."

"నా మేకలెవరు కాస్తరు?" అంది అవ్వ.

ఆ రాత్రికే కాదు, వారం రోజులు ఆ చర్చ నడిచింది. సినిమాను డబ్బాల్లో పెట్టి ఊరూరికీ పంపితే సరిపోతుందని మేము అనుకున్నాం. కానీ అవ్వ లేకుండా అది సగమే. చివరికి అన్న ఒక దారి కనిపెట్టాడు. ఎంకపల్లికి బండిలో వెళ్లి వచ్చే దూరంలో ఉన్న ఊళ్లకే సినిమా వెళ్తుంది. అవ్వ పొద్దున మేకలు తోలుకుపోయి, మధ్యాహ్నం వాటిని కోడలికి అప్పజెప్పి వస్తుంది. సేటు తన కరెంటు ఇంజిన్ బండికెత్తించాడు. బాపు బడి మూసి ఉన్నందువల్ల ప్రొజెక్టర్ వెంట తనే వచ్చాడు.

ఇక చాటింపు అవసరం లేకపోయింది. మధ్యాహ్నం ఊళ్లోకి అవ్వ కట్టె పట్టుకుని నడిచి వెళ్లేది. ప్రతి గుమ్మం ముందూ ఆగి, "నా మేకను సూసిండ్రా?" అని అడిగేది. పది అడుగుల వెనక సినిమాలో ఉన్న మేకే నడిచి వచ్చేది. జనం గుమ్మాల్లోకి వచ్చి, "ఎనకనే ఉన్నది గద అవ్వా!" అనేవాళ్లు. ఆమె తిరిగి చూడకుండా, "ఉంటె పొద్దుగూకినంక బడి కాడికి రాండ్రి, సూపిస్త" అని సాగిపోయేది. షాబాద్‌లో ఆమె వెంట ఊరు సగం నడిచింది. అక్కడ ఆట మధ్యలో వాన వచ్చింది. ఎవరూ లేవలేదు. పదిమంది మగవాళ్లు ఒక తాటిపత్రి పట్టాను ప్రొజెక్టర్ మీద ఎత్తి పట్టుకుని, మెడలు తిప్పి సినిమా చూశారు. బాపు తడిసిన చొక్కాతో రీలు తిప్పుతూ, పక్కన ఉన్న ముక్కూమొహం తెలియని మనిషితో, "మావాడే తీసిండు" అనడం నా చెవిన పడింది.

కాలేజీలు తెరుస్తున్నారని కబురు వచ్చింది. నేను ట్రంకు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాను. అందుకే ఎంకపల్లి ఆట నేను చూడలేదు. సొంత ఊళ్లో అన్నిటికన్నా చివర వేయాలని అవ్వే పట్టుబట్టింది. దాని సంగతి అన్న ఉత్తరంలో రాశాడు.

ఊరూరా అరిచి అరిచి ఆ రోజుకు అవ్వ గొంతు పూర్తిగా పోయిందట. వేడినీళ్లు తాగించారు, మిరియాలు నమిలించారు, ఏమీ లాభం లేదు. ఆట ఆపేద్దామని అన్న అనుకున్నాడు. ఊళ్లోవాళ్లు ఒప్పుకోలేదు. "మా అవ్వ ఏమంటదో మాకు ఎరుకనే" అన్నారట. సినిమా మొదలైంది. తెర మీద అవ్వ నోరు తెరిచినప్పుడల్లా ఆమె కోడలు ఒక మాట, పొరుగింటి ముసలాయన ఒక మాట, ఆమె తిట్లు తిన్న పిల్లలు ఒక మాట అందించారు. ఎక్కడా ఒక్క మాట తప్పు పోలేదట. అవ్వ ముందు వరుసలో కూర్చుని, ఎవరైనా తిట్టు కాస్త మెత్తగా తిడితే కట్టెతో నేలను కొట్టి, ఇంకా గట్టిగా అనమని చేత్తో సైగ చేసిందట.

హాస్టల్ వరండాలో నిలబడి ఆ ఉత్తరాన్ని నా గదిలోని అమ్మాయిలకు చదివి వినిపించాను. వాళ్లు రెండోసారి చదవమన్నారు. చదివాను.